ఒక్క అక్షరం



మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మన సంఘంలోని ఒక తల్లి తొమ్మిదేళ్ల కొడుకుతో మా దగ్గరకు వచ్చింది. పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష చేసి, బాబుకు సికిల్ సెల్ ఎనీమియా అని చెప్పారట. "అయ్యగారూ, మా అత్తమ్మ ఇది నా పాపమే అంటోంది. నిజమేనా?" అని అడిగింది. మేము తల దించుకున్నాం. రెండేళ్ల క్రితం బాబు కాళ్ల నొప్పులతో ఏడుస్తుంటే, "దాచిన పాపమేదైనా ఉంటే ఒప్పుకోమ్మా" అని ఆమెను అడిగింది మేమే.

ఆ రాత్రి మా అబ్బాయి ఇంటర్ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాం.

మన కణాల్లో ఉండే డి.ఎన్.ఏ.ను మెలితిప్పిన తాళ్ల నిచ్చెన అనుకోండి. రెండు పక్కల తాళ్లు చక్కెర, ఫాస్ఫేట్‌లతో అల్లినవి. మెట్లు ఏ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలతో కట్టినవి. ఏ ఎదుట టి, జి ఎదుట సి ఉంటాయి. 1953లో వాట్సన్, క్రిక్ ఈ ఆకారాన్ని ప్రకటించారు. రోసలిండ్ ఫ్రాంక్లిన్ పరిశోధనలోని ఎక్స్‌రే చిత్రాలు వారికి ఆధారమయ్యాయి.

కణం రెండుగా చీలే ముందు ఈ నిచ్చెన సంచి జిప్పు తీసినట్టు రెండు పాయలుగా విడిపోతుంది. ఒక్కో పాయ ఎదుట సరిపడే అక్షరాలు వచ్చి చేరతాయి. అందుకే ప్రతి కొత్త నిచ్చెనలో ఒక పాయ పాతది, ఒకటి కొత్తది. 1958లో మెసెల్సన్, స్టాల్ బాక్టీరియా మీద చేసిన ప్రయోగంలో ఇది రుజువైంది. నకలు రాసే ఎంజైము తన రాత తానే దిద్దుకుంటుంది. అయినా అరుదుగా ఒక తప్పు మిగిలిపోతుంది. రెండు పాయల్లోనూ అది స్థిరపడ్డాక ఇక తప్పని తెలియదు. మంచి అక్షరాన్ని రాసినంత నమ్మకంగా దాన్నీ తరతరాలకు రాసి ఇస్తుంది.

బాబు జబ్బు అలాంటిదే. హిమోగ్లోబిన్ జన్యువులో ఒకచోట ఏ ఉండాల్సినచోట టి ఉంది. అంతే. దానివల్ల గుండ్రని ఎర్రకణాలు కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుని నొప్పి పెడతాయి. అది ఆ తల్లి చేసింది కాదు, పూర్వికుల నుంచి నకలుగా వచ్చింది. పైగా తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి వస్తేనే ఈ జబ్బు. ఒక్కటే ఉన్నవారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. అలాంటి ఇద్దరికి పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

బుధవారం వారి ఇంటికి వెళ్లాం. అందరి ఎదుట ముందు ఆమెను క్షమాపణ అడిగి, బాబు పలక మీద నిచ్చెన గీసి చూపించాం.

"అంటే సగం నా నుంచేనా అయ్యగారూ?" అన్నాడు భర్త.

"అవును బాబూ. నీకు మీ అమ్మానాన్నల్లో ఒకరి నుంచి."

అత్తమ్మ చాలాసేపు పలక వైపే చూసింది. తర్వాత మనవడి కాళ్లు ఒళ్లోకి తీసుకుని నూనె రాయసాగింది.

ప్రియులారా, పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిన ప్రశ్ననే మేమూ అడిగాం. ప్రభువు ఇచ్చిన జవాబు మాత్రం మరచాం. మీరు మరువకండి. బాబు కోసం ప్రార్థిద్దాం, మందులు మాననివ్వొద్దు. పెళ్లి సంబంధాలు చూసేవారు ఆ రక్తపరీక్ష కూడా చేయించుకోండి. ఆ తల్లి అనుమతితోనే ఇది రాశాం.

ఆమేన్.