మామ షాపులో నేను వేసిన హెల్పర్

2018 ఎండాకాలం. ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్ పరీక్షలు అయిపోయి ఆర్మూర్ వచ్చాను. మామిడిపల్లి చౌరస్తా దగ్గర మా మామకు చిన్న నెట్ సెంటర్ ఉంది. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మెషీన్, తిరిగీ తిరగనట్టు ఒక ఫ్యాను. పెళ్లిళ్ల సీజన్ కావడంతో పెన్‌డ్రైవ్ పట్టుకొని పాటల కోసం, వీడియోల కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. ఒక్కో వీడియో దించడానికి మామ పడే తిప్పలు చూడలేక, "ఆగు మామా" అని బ్రౌజర్‌లో ఒక డౌన్‌లోడ్ హెల్పర్ ఎక్స్‌టెన్షన్ వేశాను. రెండు నిమిషాల పని. వీడియో కింద పచ్చ బటన్ వచ్చింది. నొక్కితే చాలు, దిగిపోతుంది.

"అల్లుడు ఇంజినీర్ అంటే గిట్లుండాలె" అని మామ ఆ రాత్రి అంకాపూర్ నాటుకోడి తెప్పించాడు. మా దిక్కు వాళ్లకు ఆ సర్టిఫికెట్ విలువ తెలుసు.

ఎక్స్‌టెన్షన్ వేసేటప్పుడు ఒక చిన్న బాక్స్ వచ్చింది. మీరు చూసే అన్ని వెబ్‌సైట్లలోని మీ డేటాను ఇది చదవగలదు, మార్చగలదు అని. చదవలేదని అబద్ధం చెప్పను. చదివాను. వీడియో దించాలంటే పేజీ చదవాలి కదా అనుకొని ఓకే కొట్టాను. 'అన్ని' అన్న మాట దగ్గర ఆగలేదు.

తర్వాతి ఏడాది పసుపు సీజన్ మా ఊళ్లో ఎవరూ మర్చిపోరు. ధర లేదు. 2019 ఫిబ్రవరిలో పసుపు, ఎర్రజొన్న రైతులు ఆర్మూర్ దగ్గర హైవే మీద కూర్చున్నారు. ఏప్రిల్‌లో లోక్‌సభ ఎన్నికలొస్తే నిజామాబాద్ నుంచి 170 మందికి పైగా రైతులు పోటీకి దిగారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. నామినేషన్ వేయాలంటే అఫిడవిట్ ఇవ్వాలి. ఆస్తులు, అప్పులు, కేసులు అన్నీ అందులో రాయాలి. ఎన్నికల సంఘం దాన్ని అందరికీ కనపడేలా పెడుతుంది. వాళ్లు తమ అప్పులు తామే రాసి, సంతకం పెట్టి, లోకానికి చూపించారు.

అదే సీజన్‌లో మామ షాపుకు వచ్చిన మిగతావాళ్లు మాత్రం ఎవరికీ ఏమీ చూపించాలనుకోలేదు. పాస్‌బుక్ ప్రింటుకు వచ్చినవాళ్లు, పింఛన్ ఎందుకు ఆగిందో చూసుకునే ముసలోళ్లు, నిజామాబాద్‌లో చేయించుకున్న స్కానింగ్ రిపోర్టు లింకును ఫోన్లో తెచ్చి "ఇది తీసియ్యి అన్నా" అనే ఆడవాళ్లు. అందరి పనీ ఆ ఒక్క బ్రౌజర్‌లోనే. ఆ మూలన నా పచ్చ బటన్.

2019 జులై. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు. శామ్ జదాలీ అనే రీసెర్చర్ బయటపెట్టిన 'డేటాస్పై' వ్యవహారం చదివాను. ఎనిమిది ఎక్స్‌టెన్షన్లు, 40 లక్షల మంది దాకా యూజర్లు. వాళ్లు తెరిచిన పేజీల అడ్రసులన్నీ బయటికి పోయి, డబ్బు కట్టినవాళ్లకు దొరికాయి. ఆ ఎనిమిదిలో ఒకటి వీడియోలు దించే సేవ్‌ఫ్రమ్ హెల్పర్. కొన్నయితే ఇన్‌స్టాల్ చేసిన వెంటనే ఏమీ చేయలేదు. మూడు వారాలు మంచిపిల్లల్లా కూర్చొని, ఆ తర్వాత పని మొదలుపెట్టాయి.

అడ్రస్ పోతే ఏమవుతుంది అనుకోవచ్చు. చాలా చోట్ల ఆ అడ్రసే తాళం చెవి. 'లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు' అని పెట్టిన ఫైలుకు వేరే తాళం ఉండదు. డేటాస్పైలో అలాగే ఇన్‌కమ్ ట్యాక్స్ కాగితాలు, ఇళ్లలోని కెమెరా వీడియోలు బయటపడ్డాయి.

నేను వేసింది ఆ జాబితాలో లేదు. హమ్మయ్య అనుకున్నాను కానీ మనసు ఒప్పుకోలేదు. శనివారం బస్సెక్కి ఊరొచ్చాను. బ్రౌజర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, ఆ రోజు వచ్చిన ఒకాయన రిపోర్టు లింకు ఓపెన్ చేశాను. పేజీ ఇంకా పూర్తిగా లోడ్ కాలేదు. ఎప్పుడూ వినని ఒక సర్వర్‌కు ఒక రిక్వెస్ట్ పోయింది. అందులో ఆ లింకు మొదటి నుంచి చివరి అక్షరం దాకా ఉంది.

మామకు చెప్పాను. మొదట నవ్వాడు. "మన దగ్గర ఏమున్నదిరా దోచుకోనీకి?"

రిపోర్టు సంగతి చెప్పేసరికి నవ్వు ఆగింది. మామకు ఊరి గుట్లన్నీ తెలుసు. ఎవరికి ఎంత బాకీ, ఎవరి కోడలు ఏ కాయిదం కోసం వచ్చింది, అన్నీ. ఇంట్లో అత్తకు కూడా చెప్పడు.

"నేను చెప్పనని నమ్మి వస్తరు. మరి ఏడాది పొడుగునా వచ్చిపోయినోళ్లకు ఇప్పుడేం జెప్పాలె?"

నా దగ్గర జవాబు లేదు. ఎక్స్‌టెన్షన్ తీసేయడానికి రెండు సెకన్లు పట్టింది. పోయినదాన్ని వెనక్కి తెచ్చే బటన్ మాత్రం ఏదీ లేదు.

కథ ఇక్కడితో అయిపోతే నేను మంచోణ్నే. కానీ రెండేళ్ల కింద మా ఆఫీసులో నాకు అప్పజెప్పిన పని ఏంటో తెలుసా? డౌన్‌లోడ్ హెల్పర్ రాయడం. మా సాఫ్ట్‌వేర్ పెద్దది. నేరుగా దించితే మధ్యలో ఆగిపోతుంది. అందుకని ముందు ఒక చిన్న ప్రోగ్రాం దిగి, అది మిగతాదాన్ని ముక్కలుగా తెస్తుంది. ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, విండోస్ ఏ వెర్షన్ అన్నవి మాకు తెలియాలి. లేకపోతే బాగు చేయలేం. అక్కడిదాకా నాకూ పేచీ లేదు. కానీ రిక్వైర్‌మెంట్ షీట్‌లో ఇంకో వరుస ఉంది: ఆ కంప్యూటర్‌లో ఉన్న మిగతా సాఫ్ట్‌వేర్ల జాబితా.

ఎందుకని అడిగాను. "తర్వాత పనికొస్తుంది" అన్నారు.

"అది లేకపోతే డౌన్‌లోడ్ ఆగుతుందా?"

ఆగదు. రెండు మీటింగుల తర్వాత ఆ వరుస పోయింది. 'మెరుగుపరచడానికి సాయపడండి' అన్న చోట ముందే కొట్టి ఉన్న టిక్ మాత్రం పోలేదు. యూజర్ తనంతట తాను టిక్ పెట్టాలని వాదించి ఓడిపోయాను. 2023లో వచ్చిన డేటా చట్టం కూడా సమ్మతి స్పష్టంగా, మనిషి తానే ఇవ్వాలంటోంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కానీ కంపెనీలు అన్నీ సర్దుకోవడానికి గడువుంది. "అప్పుడు చూద్దాం" అన్నారు. టిక్ కొట్టి ఉంచే ఆ కోడ్ లైను రాసింది నేనే.

మీ ఫోన్లో స్టేటస్ సేవర్ ఉంటే ఒకసారి పర్మిషన్లు చూడండి. వీడియో దాచడానికి దానికి మీ కాంటాక్టులు ఎందుకు? లొకేషన్ ఎందుకు? క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు వాడేవాళ్లయితే, నొక్కినప్పుడే పేజీ చూసేలా 'ఆన్ క్లిక్' అని సెట్టింగ్ ఉంది. అది పెట్టుకోండి.

మామ షాపులో ఇప్పుడు రెండు బ్రౌజర్లు. మానిటర్ అంచున రెండు చీటీలు టేపుతో అతికించి ఉన్నాయి: 'పాటలకు ఇది', 'కాయిదాలకు ఇది'. రెండో దాంట్లో ఏ ఎక్స్‌టెన్షనూ లేదు. నన్ను కూడా ముట్టుకోనివ్వడు. మొన్న నేనక్కడ ఉండగా పెర్కిట్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఫోన్‌కు ఓటీపీ రాగానే షాపంతా వినపడేలా ఒక్కో అంకె చదవడం మొదలుపెట్టాడు. మామ గబుక్కున కుర్చీలోంచి లేచాడు.

"గట్ల మొత్తుకోకు కాకా. ఇగో, కీబోర్డు నీ దిక్కు పెట్టిన. నువ్వే కొట్టు."

కాకా కళ్లజోడు సర్దుకొని, ఒక్క వేలితో మొదటి అంకె కోసం వెతకసాగాడు. వెనక నలుగురు లైన్లో ఉన్నారు. మామ తొందరపెట్టలేదు.