న్యొక్కి

తెలుగును ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అన్నారని తరగతి గదుల్లో ఎన్ని వందల మార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు. పదిహేనవ శతాబ్దంలో విజయనగరానికి వచ్చిన వెనిస్ యాత్రికుడు నికొలో కాంటీ ఆ మాట అన్నాడని ప్రతీతి. రెండూ అజంతభాషలు, పదం చివర అచ్చు పలుకుతుంది. అయితే ఆ పోలికలో రెండవ పక్షాన్ని దగ్గరగా చూసే అవకాశం నాకు మొన్నటి దసరా సెలవుల్లో, అదీ ఒక భోజనపు బల్ల ముందు కలిగింది.

మా కాపురం చిక్కడపల్లిలో. ఇంటిల్లిపాదీ బయట తినడమంటే మాకు నారాయణగూడ తాజ్‌మహల్ హోటల్లో ఇడ్లీ, లేకుంటే త్యాగరాయ గానసభలో కార్యక్రమం ముగిశాక దారిలో మిర్చిబజ్జీ. అశోక్‌నగర్ సంగతి చెప్పనక్కరలేదు. పోటీపరీక్షల విద్యార్థులు, వారికోసం వెలసిన మెస్సులు, జిరాక్సు కొట్లు. ఆ సందుల్లోనే ఒక ఇంటి కింది భాగంలో ఆరు బల్లల ఇటాలియన్ భోజనశాల ఉంది. బెంగుళూరు నుంచి వచ్చిన మా అబ్బాయి, కోడలు, పదకొండేళ్ళ మనవడు మమ్మల్ని అక్కడికి తీసుకువెళ్ళారు.

ఆ ఉదయమే మా అబ్బాయి నా అలమర ముందు నిలబడి, “నాన్నా, ఈ పుస్తకాలు సిటీ సెంట్రల్ లైబ్రరీకి ఇచ్చేస్తే పోలేదూ? మా ఇంట్లో చదివేవాళ్ళెవరున్నారు?” అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నేను సమాధానం చెప్పలేదు. మనవడు తెలుగు చక్కగా మాట్లాడతాడు గానీ చదవలేడు. తెలంగాణ బడుల్లో తెలుగు తప్పనిసరి అని 2018లో చట్టం వచ్చింది. బెంగుళూరు బడికి అది వర్తించదు కదా!

వంటకాల పట్టీ చేతికి వచ్చింది. పాస్తా, లసాన్యా, రవియోలి, రిసొత్తో... ఒక్క హలంతమూ లేదు! ఒకచోట ‘నొన్న’ అని ఉంటే మా ఆవిడ “నాన్న అని రాశారేమిటండీ?” అంది. ఇటాలియన్‌లో నొన్న అంటే అమ్మమ్మ, నాయనమ్మ. ద్విత్వాన్ని వాళ్ళూ మనలాగే ఒత్తి పలుకుతారు. బస్‌ను బస్సుగా, రోడ్‌ను రోడ్డుగా మార్చుకున్న మనకంటే వాళ్ళు ఒక విషయంలో మెత్తనివాళ్ళు. బార్, ఫిల్మ్, స్పోర్ట్ అన్న మాటలను హలంతాలుగానే ఉంచుకున్నారు. నాకు కాస్త గర్వం కలిగిన మాట నిజం. మా మనవడు మాత్రం ‘బస్’ అనే అంటాడు.

మా అబ్బాయి పట్టీలో ఒకచోట వేలుపెట్టి “గ్నోచీ” అన్నాడు. వడ్డించే కుర్రవాడు వినయంగా “న్యొక్కి సార్” అని సవరించాడు. నేను జేబులోంచి కలం తీసి కాగితపు తువ్వాలు మీద ‘న్యొక్కి’ అని రాశాను. ఇంగ్లీషు లిపిలో ఏడక్షరాలు, అయినా చదివినవాడికి సందేహమే. మనకు రెండక్షరాలు, సందేహం లేదు. ఇదంతా ఎవరికోసం రాశానో వాడికి తెలుగు రాదన్నది రాశాక గాని తట్టలేదు.

వాడు తువ్వాలును దగ్గరకు లాక్కుని, “తాతయ్యా, ఇది కన్నడలా ఉందే! ‘న్య’ కదూ?” అన్నాడు.

బడిలో వాడు కన్నడం చదువుతున్నాడు. రెండు లిపులూ ఒకే తెలుగు-కన్నడ లిపి నుంచి చీలినవే. రెండవ అక్షరం దగ్గర ఆగాడు. కన్నడ కకారానికీ మన కకారానికీ రూపంలో తేడా ఉంది. కలం వాడికిచ్చాను. రెండింటినీ పక్కపక్కన రాసి చూసుకున్నాడు. “తలమీద గీత మీరు వేరేగా పెడతారు, అంతే” అని తేల్చాడు. ‘మీరు’ అన్న మాట కాస్త గుచ్చుకుంది గానీ, పోనివ్వండి.

ఇంతలో వంటకం వచ్చింది. ఉడికించిన బంగాళాదుంప, పిండి కలిపి చేసిన చిన్న ఉండలు, పైన టమాటా పులుసు. “ఉండ్రాళ్ళే! ఆవిరి మీద కాక నీళ్ళలో ఉడికించారు” అని మా ఆవిడ తీర్పు చెప్పింది. కోడలు నవ్వి, “అత్తయ్యగారూ, ఇంటికెళ్ళాక మీరు చేసి చూపించండి” అంది. నాకు ఉప్పు చాలలేదు.

తిరిగి నడిచి వస్తుంటే మనవడు కొట్ల బోర్డులు కూడబలుక్కుంటూ వచ్చాడు. ‘జిరాక్సు’ దగ్గర తడబడ్డాడు, ‘మందులు’ సులువుగానే చదివాడు. దారి పొడుగునా “ఇదేమక్షరం?” అని అడుగుతూనే ఉన్నాడు. ఇంటి మెట్ల దగ్గర మా అబ్బాయి మళ్ళీ పుస్తకాల ప్రస్తావన తెచ్చాడు.

“వేసవి సెలవులకు వీణ్ణి ముందుగా పంపించు. ఆ తరవాత చూద్దాం” అన్నాను.