ఈఎంఐ మారలేదు... గడువు మారింది!

ప్రతి నెలా అయిదో తారీఖున ఆ ఇంట్లో సెల్‌ఫోన్ 'టింగ్'మంటుంది. ఖాతాలోంచి 19,009 రూపాయలు తీసుకున్నామని బ్యాంకు పంపే సందేశం. విజయవాడ శివారు కానూరులో కొనుక్కున్న రెండు పడగ్గదుల ఫ్లాటు తాలూకు వాయిదా అది. 2021 జూన్‌లో అప్పు తీసుకున్నప్పుడు ఎంతో, 2023 మార్చిలోనూ అంతే.

'అందరికీ వడ్డీలు పెరిగాయంటున్నారు. మన ఈఎంఐ మాత్రం రూపాయి కదల్లేదు' అని ఇంటాయన స్టాఫ్‌రూమ్‌లో చెప్పుకునేవారు. ఆయన ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. పాతిక లక్షల అప్పు, ఇరవై ఏళ్ల గడువు, 6.75 శాతం వడ్డీ. ఈ మూడూ ఆయనకు నోటికొచ్చు. అవి అలాగే ఉన్నాయనుకున్నారు.

ఏప్రిల్‌లో ఆదాయపన్ను కోసం బ్యాంకు నుంచి వడ్డీ సర్టిఫికెట్ తెచ్చి టేబుల్ మీద పడేశారు. దాన్ని చదివింది ఆయన భార్య. పాల లెక్క, చిట్టీల పుస్తకం, కరెంటు బిల్లు... ఆ ఇంట్లో కాగితమన్నదల్లా ఆమె చేతుల్లోంచే వెళ్లాలి. పోయినేడాది సర్టిఫికెట్ తీసి పక్కన పెట్టుకుంది.

''ఏమండీ, పోయినేడు తొమ్మిది వాయిదాలే కట్టాం. అసలు నలభై అయిదు వేలు తగ్గింది. ఈ ఏడు పన్నెండు కడితే ముప్ఫై నాలుగు వేలే తగ్గిందేంటి?''

''మొదట్లో అంతా వడ్డీకే పోతుందిలే.''

''అయితే మొదటేడు కంటే రెండో ఏడు ఎక్కువ తగ్గాలి కదా!''

లెక్చరర్‌గారి దగ్గర జవాబు లేదు. మర్నాడు సెలవు పెట్టి బ్యాంకుకు వెళ్లారు.

రుణాల విభాగంలో కుర్రాడు ఖాతా నంబరు కొట్టి, కంప్యూటర్ తెరను ఆయన వైపు తిప్పాడు. వడ్డీ 9.25 శాతం. మిగిలిన అసలు 24 లక్షల 20 వేలు. మిగిలిన వాయిదాలు... 518.

ఫిజిక్స్ మాస్టారికి భాగహారం ఎంతసేపు? నలభై మూడేళ్లు! అప్పటికి ఆయన వయసు నలభై ఆరు. తొలి ఒప్పందం ప్రకారం మిగలాల్సినవి 219 వాయిదాలే.

''కంగారు పడకండి సార్. గరిష్ఠ పరిమితి ఉంటుంది. అంతదాకా పోదు, సిస్టమే ఈఎంఐ పెంచేస్తుంది'' అన్నాడా కుర్రాడు. అది ఓదార్పో బెదిరింపో ఆయనకు అర్థం కాలేదు.

జరిగింది ఇదీ. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే చలన వడ్డీ గృహరుణాలను బయటి ప్రామాణిక రేటుకు ముడిపెట్టాలి. ఎక్కువ బ్యాంకులు రిజర్వు బ్యాంకు రెపోరేటును ఎంచుకున్నాయి. ఈయన అప్పు తీసుకున్నప్పుడు రెపో 4 శాతం, దానిపై బ్యాంకు వేసుకున్నది 2.75. అంతా కలిపి 6.75. 2022 మే నుంచి రెపో పెరగడం మొదలై, 2023 ఫిబ్రవరికి 6.50 అయింది. తొమ్మిది నెలల్లో రెండున్నర శాతం! బ్యాంకు ఈఎంఐ జోలికి పోకుండా, పెరిగిన భారాన్నంతా గడువులోకి తోసేసింది. 19,009లో 18,650 దాకా వడ్డీకే పోతోంది. అసలుకు చేరేది మూడొందల యాభై చిల్లర. ఇక అసలు ఎప్పటికి తీరేను?

ఆ సాయంత్రం గుడివాడ దగ్గర పల్లెలో ఉంటున్న తండ్రికి ఫోన్ చేశారు. ఆ పెద్దాయన నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పొలం చేసిన మనిషి. ఏడాదికి ఇరవై నాలుగు శాతమన్నమాట. అయినా ఆయన సందేహం వడ్డీ గురించి కాదు.

''నోటు తిరగరాయాలంటే షావుకారైనా మన గుమ్మంలోకొచ్చి సంతకం అడిగేవాడు. నువ్వు సంతకం పెట్టకుండా గడువెలా మార్చార్రా?''

సంతకం పెట్టారు. బీరువాలోంచి ఒప్పందం తీసి చూస్తే, రెపో మారితే వడ్డీ మారుతుందనీ, ఆ మేరకు వాయిదా గానీ గడువు గానీ సవరించే హక్కు బ్యాంకుదేననీ సన్నటి అక్షరాల్లో ఉంది. కింద ఆయన సంతకం. ఆ రోజు అలాంటివి నలభై దాకా పెట్టారు. తాళాలు చేతికొచ్చే ముందు ఒప్పందాన్ని ఆసాంతం చదివేవారెందరు?

న్యాయంగా చెప్పాలంటే వడ్డీ పెంచడం మోసం కాదు. చలన వడ్డీ అని తెలిసే తీసుకున్నారు. రెపో 4 శాతానికి దిగినందుకే అంత చౌకగా దొరికింది కూడా. ఆయన్ను గుచ్చింది వేరు. పద్దెనిమిదేళ్ల అప్పు నలభై మూడేళ్లకు పాకుతుంటే ఒక్క మాటా అడగలేదు. నెలనెలా ఈఎంఐ తీసుకున్నామని చెప్పడం మరవని ఫోన్, గడువు సంగతి చెప్పనే లేదు.

రెండోసారి బ్యాంకుకు భార్యాభర్తలిద్దరూ వెళ్లారు, రాతపూర్వకంగా మూడు ప్రశ్నలు పట్టుకుని. గడువు పెరగకుండా ఉండాలంటే ఈఎంఐ ఎంత కావాలి? కొంత అసలు ముందే కడితే ఎంత తగ్గుతుంది? కొత్త ఖాతాదారులకు తక్కువ వడ్డీ అని గుమ్మంలో బోర్డు పెట్టారు, మాకెందుకు లేదు?

మూడోదానికి సరైన జవాబు రాలేదు. ఫీజు కడితే పరిశీలిస్తామన్నారు. మొదటిదానికి వచ్చింది: నెలకు దాదాపు 22,900. అంటే మరో నాలుగు వేలు. ఇంటర్ చదివే కూతురూ, పదో తరగతికొచ్చిన కొడుకూ ఉన్న ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. అప్పును వేరే బ్యాంకుకు మార్చుకోవచ్చు. వ్యక్తులు చలన వడ్డీపై తీసుకున్న గృహరుణం ముందే తీరిస్తే బ్యాంకులు జరిమానా వేయకూడదని 2012లోనే రిజర్వు బ్యాంకు ఆదేశించింది. కానీ కొత్త చోట లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్, ప్రాసెసింగ్ ఫీజు... మళ్లీ నలభై సంతకాలు!

చివరికి కదిలింది చిట్టీ. కూతురి ఇంజినీరింగ్ కోసం ఆమె రెండేళ్లుగా కడుతున్న చిట్టీని ఆ మే నెలలో పాడేసింది. తొందరపడి పాడితే నష్టమే, ఆ సంగతి ఆమెకు తెలుసు. జూన్‌లో రెండు లక్షలు అసలుకు జమ చేసి, ఈఎంఐని 21,000 చేయించారు. మిగిలిన వాయిదాలు 220కి దిగాయి. దాదాపు మొదటి గడువే. ఆ ఏడాది ఎండాకాలం ఏసీ కొనాలన్న మాట ఆ ఇంట్లో మళ్లీ రాలేదు.

రెండు నెలలు తిరక్కుండానే, 2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు కొత్త ఆదేశాలిచ్చింది. వడ్డీ మారినప్పుడు ఈఎంఐ, గడువుల మీద ప్రభావమెంతో వెంటనే తెలపాలి. ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా, రెండూ కొంత కొంతా అన్నది ఖాతాదారుకే వదలాలి. మూడు నెలలకోసారి ఇచ్చే స్టేట్‌మెంట్‌లో ఇంకా ఎన్ని వాయిదాలున్నాయో రాయాలి. పాత అప్పులకూ ఇవి వర్తిస్తాయి, అమలుకు ఆ డిసెంబరు ఆఖరుదాకా గడువిచ్చారు. ఫిర్యాదుకు బ్యాంకు ముప్ఫై రోజుల్లో స్పందించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి ఉచితంగానే వెళ్లొచ్చు.

''మూడు నెలలు ఆగుంటే వాళ్లే అడిగేవారేమో'' అన్నారాయన పేపరు మడుస్తూ.

''అడిగినా డబ్బు మనమేగా కట్టాలి'' అందామె.

2025లో గాలి తిరిగింది. ఫిబ్రవరిలో తగ్గడం మొదలైన రెపో డిసెంబరుకు 5.25కి దిగింది. వీళ్ల వడ్డీ 2026 జనవరిలో 8 శాతమైంది. ఈసారి బ్యాంకు నుంచి ఫోనొచ్చింది. ''సార్, ఈఎంఐ తగ్గించమంటారా, గడువు తగ్గించమంటారా?''

ఆయన ఫోన్ చేత్తో మూసి వంటింటి వైపు చూశారు. ఆమె బియ్యం కడుగుతోంది.

''ఈఎంఐ అలాగే ఉంచమనండి. వాయిదాలెన్నున్నాయో అడగండి.''

నూట అరవై రెండు. ఆమె చెయ్యి తుడుచుకుని వచ్చి, గోడ మీది క్యాలెండర్‌లో అయిదో తారీఖు గడి పక్కన ఆ అంకె వేసింది.