వాటాదారుడి మాట

షేరు కొన్నానంటే ఒక వ్యాపారంలో పాలు పంచుకున్నట్టే. అందుకే పొద్దున్నే పేపర్లో సూచీల కన్నా ముందు వాన కబురు చూస్తాను. రుతుపవనాలు ముఖం చాటేస్తే ట్రాక్టర్ల అమ్మకాల నుంచి రైతుబజారులో టమాటా దాకా అన్నీ కదులుతాయి.

ఈమధ్య నన్ను నిజంగా కలవరపెడుతున్నది, వ్యాపారం చూడకుండా ధరల కదలిక మీద పందెం కాసే కుర్రాళ్ల ఆప్షన్ల మోజు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో బయటపెట్టిన లెక్క చూడండి. అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. పోయిన సొమ్ము 1.8 లక్షల కోట్ల రూపాయల పైమాటే. ఎవరి సొమ్మది? తొలి జీతాలు, అమ్మ పాడిన చీటీ డబ్బులు, చెల్లెలి పెళ్లికని దాచినవి. అదే ఏడాది నవంబరు నుంచి సెబీ, వారానికోసారి గడువు తీరే వీక్లీ కాంట్రాక్టులను ఎక్స్ఛేంజీకి ఒక్క సూచీకే పరిమితం చేసింది. కాంట్రాక్టు కనీస విలువనూ 15 లక్షల రూపాయలకు పెంచింది. మంచి పని, ఇంకా ముందే జరగాల్సింది.

షేర్లలోనూ కళ్లు మూసుకుంటే దెబ్బే. హైదరాబాదు వాళ్లం 2009 జనవరి 7ను మరవలేం. ఇక్కడి ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్ ఖాతాల్లో చూపిన నగదులో 5,000 కోట్ల రూపాయలకు పైగా అసలు లేనేలేదని దాని చైర్మన్ రామలింగరాజే లేఖ రాశారు. ఆ ఒక్కరోజే షేరు ముప్పావు వంతుకు పైగా కూలింది. ప్రమోటర్ల షేర్లు అంతకుముందే తాకట్టుకెళ్లాయి. అందుకే వార్షిక నివేదిక ఏది చేతికొచ్చినా నేను చైర్మన్ సందేశాన్ని చివరికి వదిలేస్తాను. ముందు నగదు రాకపోకల పట్టిక, తర్వాత ఆడిటర్ అభ్యంతరాలు, ఆపైన తాకట్టు షేర్ల వివరం.