పాతకారులో ప్రక్షిప్తము

మోటారుబండ్ల ముచ్చట గృహిణులకేల యని మీరు నవ్వుదురేమో. మొన్నటి మాఘమాసమువరకు నేనును అట్లే యనుకొంటిని.

బెజవాడలోనున్న మా తమ్ముడు పెండ్లిండ్లకు బాడుగ కిచ్చుటకై ఒక పాత అంబాసిడరు కొనదలచెను. మా హనుమాన్ జంక్షనులోనే ఒకరియొద్ద 1972 నాటి మార్క్ 2 కలదనియు, అది కంపెనీనుండి వచ్చినది వచ్చినట్లే యున్నదనియు వానికి తెలిసెను. అందుచేతనే ధర తక్కిన బండ్లకు రెట్టింపు. "అక్కా, ఒక లక్ష సర్దవూ" అని నన్నడిగెను. ఆ లక్ష మా అమ్మాయి కళాశాల చదువునకై నేను కూడబెట్టినది. ఇయ్యనన్నచో తమ్ముడు నొచ్చుకొనును. ఇచ్చి మోసపోయినచో పిల్ల చదువేమగును? "బండి నేనును చూచెద"నంటిని. మావారు పత్రికచాటున నవ్విరి.

నాకు భారతము చెప్పునపుడు మా నాయనగారు రెండుమూడు ప్రతులు ముందుంచుకొని, "ఈ పద్యము కవిది కాదమ్మా, తరువాత నెవరో చేర్చినది" అని చూపుచుండెడివారు. భాషయు, ఛందస్సును, ప్రతులును కలిసిననేగాని ఆయన నమ్మరు. కారునకును అదియే శాస్త్రమని నాకు తోచెను.

తమ్ముడు తన ఫోనులో అమెరికా సంగతి చూపెను. 1971లో ప్లిమత్ కంపెనీవారు 'హెమీ' యను పెద్ద ఇంజనుతో, మడతపడు పైకప్పుతో బారకూడా కారులు పదునొకండే చేసిరట. అందొకటి 2014లో సియాటిల్ వేలములో 35 లక్షల డాలర్లకు పోయినది. ఇంక చెప్పవలెనా? సామాన్యపు బారకూడాలకు ఆ ఇంజను తగిలించి అమ్మువారు బయలుదేరిరి. నిజము తేల్చువారు చాసిస్ సంఖ్యలో అయిదవ గుర్తు చూతురు. హెమీకి అది 'ఆర్' అను అక్షరము. ఆ సంఖ్య తుదిభాగమే ఇంజను లోహముపైనను చెక్కియున్నదా యని చూతురు. సీటు స్ప్రింగులలో నిరుకుకొన్న కర్మాగారపు కాగితము దొరికినచో వారికి పండుగయే!

మన అంబాసిడరునకు అంత కథ లేదు. బెంగాలులోని ఉత్తరపారాలో 2014 వరకు తయారైనది. మార్క్ 2 1962లోను, మార్క్ 3 1975లోను వచ్చినవి. మార్క్ 2 ముందుజాలి చిన్నచిన్న గళ్లది. డీజిలు ఇంజను 1980 ప్రాంతమునగాని రాలేదు. కావున 1972 నాటి బండిలో డీజిలున్నచో అది ప్రక్షిప్తమే.

ఆంజనేయస్వామికి మ్రొక్కి బండికడకు పోతిమి. జాలి గళ్లదే, ఇంజను పెట్రోలుదే. తమ్ముని మొగము వికసించెను. నేను ఆర్.సి. పుస్తకమడిగి, చాసిస్ సంఖ్యపై పలుచని కాగితముంచి, చిన్ననాడు రూపాయిబిళ్లపై రుద్దినట్లు పెన్సిలుతో రుద్దితిని. అంకెలు తేటగా లేచి, పుస్తకముతో సరిపోయెను. పిదప ఇంజనుపై నూనెమడ్డి తుడిపించి మరియొక కాగితము రుద్దితిని. కడపటి నాలుగంకెలు వేరు!

"ఏ ఇంజనైతేనేమమ్మా, పరుగెత్తుతోంది గదా" అనెను అమ్మజూపినాయన. నిజమే, పులుసు కాచుటకు ఏ గిన్నెయైన నొకటే. కాని క్రొత్తగిన్నె తెచ్చి అమ్మమ్మగారి సారెగిన్నె యని ధర చెప్పవచ్చునా? పైగా ఆ ఇంజను ఎక్కడిదో తెలియనిచో దొంగసొత్తను చిక్కును రావచ్చును.

ఇంటికి వచ్చి తమ్ముడు కాఫీకూడ ముట్టలేదు. గడప దాటుచు, "నీకింత అనుమానమేమిటక్కా" అనెను. వాడు పోయినవెనుక వంటయింటిలో కూర్చుండి ఏడ్చితిని.

పదిదినములకు ఆ యమ్మజూపినాయన ఇంజను కొన్ననాటి రసీదు వెదకి పంపి, ధర సగము తగ్గించెను. తమ్ముడు రసీదు పట్టుకొని తానే వచ్చెను. ఇంజను మార్పు ఆర్.సి.లో నమోదైన పిదపనే సొమ్మిత్తునంటిని. ఈమారు వాడు అలుగలేదు. పులిహోర రెండుమార్లు వడ్డించుకొని తినెను. దరఖాస్తు రవాణా కార్యాలయములో నున్నది. పెన్సిలు కాగితములు రెండును నా భారతము పుటలనడుమ నున్నవి.