మడతచాకు పిడి

కత్తి గురించి రాయమంటే మన సీమవాళ్ళకు కథలకు కొదవ లేదు. సినిమావాళ్ళు చాలాకాలంగా వాటిమీదే బతుకుతున్నారు. నేను రాసేది ఆ కత్తి గురించి కాదు. శనక్కాయల మూట పురికొస కోయడానికీ, వేపపుల్ల చీల్చుకోవడానికీ, చేనిగట్టున కర్బూజ కోసుకు తినడానికీ రైతు రొంటిన ఉండే మడతచాకు గురించి. అందులోనూ ఇనుము సంగతి వదిలేసి, పిడి సంగతి మాత్రమే.

ప్లాస్టిక్ పుట్టకముందు చాకుకు ఎక్కువగా కొయ్య, ఎముక, కొమ్ము, దంతం పిడులే ఉండేవి. ఇంగ్లండులోని షెఫీల్డు, జర్మనీలోని జోలింగెన్ చాకులవాళ్ళు మన దేశపు కణుజు కొమ్మును కోరి తెప్పించుకునేవారు. కణుజు మన నల్లమలలోనూ ఉంది. చుక్కల దుప్పి కాదు, అంతకన్నా చాలా పెద్దది. దాని కొమ్ము గట్టిది, పైన గరుకు, చెమటచేతికి జారదు. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. 1990ల చివర కొమ్ముల ఎగుమతీ ఆగిపోయింది. ఇప్పుడు చాలా చాకుల మీద కనిపించే 'కొమ్ము' అచ్చులో పోసిన ప్లాస్టిక్కే!

ఈ నకలు విద్యకు ఆద్యం సెల్యులాయిడ్. ఏనుగుదంతం కరువై, బిలియర్డ్ బంతులకు బదులు సరుకు చూపినవారికి 10,000 డాలర్లిస్తామని 1860లలో అమెరికాలో ఒక కంపెనీ ప్రకటించింది. ఆ వేటలో పడిన జాన్ వెస్లీ హయత్ 1870లో సెల్యులాయిడ్‌కు పేటెంటు తీసుకున్నాడు. చేసే పద్ధతి వింటే మనకు కొత్తేమీ అనిపించదు: ఆదోని మార్కెట్‌కు వచ్చే లాంటి పత్తి, దాన్ని నత్రికామ్లంతో మార్చడం, తర్వాత కర్పూరం కలిపి మెత్తపరచడం. అందుకే పాత సెల్యులాయిడ్ పిడిని బొటనవేలితో గట్టిగా రుద్దితే గుడి వాసన వస్తుంది. ఏ రంగు కావాలంటే ఆ రంగు వచ్చేది. అయితే నిప్పు తగిలితే భగ్గుమంటుంది. పైగా ఏళ్ళు గడిచేకొద్దీ విచ్ఛిన్నమై ఆమ్లవాయువులు వదులుతుంది. మడిచి పెట్టిన చాకు పెట్టెలోనే తుప్పు పట్టిపోతుంది. తనను పట్టుకున్న ఇనుమునే తినే పిడి!

1907లో బేక్‌లాండ్ చేసిన బేకలైట్ కరగదు, సులువుగా కాలదు. మా ప్రాక్టికల్స్‌లో ఫీనాలు, ఫార్మాల్డిహైడు కలిపి ఆమ్లం వేస్తే గాజుకడ్డీకి గులాబి రంగు గడ్డ బిగుసుకుంటుంది కదా, దాని జాతే. ఒట్టిగా పెళుసు. అందుకని పొట్టు, రాతినార లాంటివి కలిపేవారు (మన పులివెందుల దగ్గర ఒకప్పుడు రాతినార తవ్వేవారు). గుడ్డపొరలను ఇదే రెజిన్‌లో తడిపి అదిమితే మికార్టా. అది మాత్రం నిజంగా మంచి పిడి. 1960లో డ్యూపాంట్ డెల్రిన్ తెచ్చింది. కణుజు కొమ్ము వేషం బాగా కట్టింది అదే.

ఇంత రసాయనశాస్త్రం మా ఊరి ఎండకు ఆగలేదు. మా జేజినాయన మహానంది తిరునాళ్ళలో కొన్న చాకు పిడి ప్లాస్టిక్‌ది. గట్టుమీద రెండు వేసవులు పడి ఉండేసరికి వెలిసి, పగిలి, పెచ్చులూడింది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పాలిమర్ గొలుసులను తెంపుతాయని నేను చెప్పబోతే ఆయన వినలేదు.

"ఇనుము బాగుంది కదరా అబ్బీ, పిడి పోతే ఏమాయ?" అని వడ్లాయన దగ్గరికి పోయినాడు. నల్లతుమ్మ చేవలోంచి రెండు చెక్కలు తీసి, చిత్రిక పట్టి, ఇత్తడి శీలలు కొట్టి ఇచ్చినాడాయన. డబ్బులు తీసుకోలేదు. కళ్ళంలో కొలిచే ఆయంలోనే ఇదీ చెల్లు. కొయ్య పిడి పోతే ఊళ్ళోనే మారుతుంది. ఇప్పటి చౌకరకం చాకుల్లో పిడిని ఇనుము చుట్టూ పోతపోసేస్తున్నారు. పిడి పగిలితే ఇనుమూ చెత్తకుప్పకే. నాకు ప్లాస్టిక్ మీద కోపం లేదు, కణుజులు బతికాయి. కాని వడ్లాయన పని ఏ లెక్కలో రాసుకోవాలో నాకు తోచడంలేదు.

ఆయన పోయి మూడేళ్ళయింది. కొడుకు నంద్యాలలో ఆటో నడుపుతున్నాడు. మొన్న సెలవులకు పోయినప్పుడు చూస్తే, చాకుకు ఒక శీల వదులైంది. వచ్చే నెల పోయినప్పుడు దానికి నేనే సుత్తి పట్టాలి.