తెలుగు టైటాన్స్ ఓటముల సీజన్

2023-24 ప్రో కబడ్డీ పదో సీజన్‌లో తెలుగు టైటాన్స్ 22 మ్యాచ్‌లాడి రెండే గెలిచింది. ఒకటి సమం, 19 ఓటములు. పన్నెండు జట్లలో అట్టడుగు, అదీ వరసగా మూడోసారి. 2.6 కోట్లకు పైగా పోసి కొన్న పవన్ సెహ్రావత్ రెయిడింగ్‌లో లోటు చేయలేదు. అసలు లోపం డిఫెన్స్‌ది. అవుటైన రెయిడర్ తనవాళ్లు ఎదుటివాణ్ని పట్టేదాకో, ముట్టి వచ్చేదాకో బెంచీ మీదే. అప్పుడు ఎంత మొనగాడైనా ప్రేక్షకుడే. ఉద్దానం తోటల్లో, పలాస, టెక్కలి పల్లెల్లో చెడుగుడు ఆడినవాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. అప్పట్లో ఏడు పాయింట్లు, అంతకు తక్కువ తేడాతో ఓడినా పట్టికలో ఒక పాయింటు దక్కేది. టైటాన్స్ మొత్తం 21లో ఎనిమిది ఇలా ఓడి సంపాదించినవే! తర్వాతి సీజన్‌లో ఓటములకన్నా గెలుపులే ఎక్కువ, ప్లేఆఫ్స్ మాత్రం అందలేదు.